తిరగబడని పక్క

ఎలమందయ్య గురువుగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవారు కాదు, పని చెప్పేవారు. దేవుడెక్కడున్నాడని అడిగినవాణ్ణి నూతిలో పడిపోయిన చేద పైకి తియ్యమన్నారు. పని ముగించుకుని వచ్చాక, "నీ ప్రశ్నేదో ఉండాలి కదా, ఇప్పుడడుగు" అనేవారు. సగంమంది నవ్వేసి వెళ్ళిపోయేవారు. మిగతా సగంమంది అడిగేవారే గాని, అప్పటికి అది వాళ్ళు తెచ్చిన ప్రశ్న కాదు. "మాటతో చెబితే పోలేదా, గురువుగారూ" అని ఎవరైనా పట్టుబడితే, "చెవికి అవతల ఇంకో చెవి ఉందిరా అబ్బాయ్, నిలవదు" అనేవారు.

ఆయన మఠం కట్టుకున్న స్వామి కాదు. సముద్రానికి మైలున్నర దూరంలో ఉన్న దేవరంపాలెం ఉప్పు మడుల్లో ముప్పై ఏళ్ళు మేస్త్రీగా చేసి, ఉప్పునీళ్ళకి అరికాళ్ళు పగిలిపోయాక పని మానుకుని, మడుల అంచున రెండు తాటాకు పాకలు వేసుకున్న మనిషి. తెల్లపంచె, భుజాన తుండుగుడ్డ, చెవి మీద సగం కాల్చిన చుట్ట. పౌర్ణమికి చుట్టుపక్కల ఊళ్ళనుంచి పదీ పదిహేనుమంది వచ్చి, ఆయన మాట విని, చారూ అన్నం తిని పోయేవారు. పోకుండా ఉండిపోయినవాడు మాల్యాద్రి ఒక్కడే. అక్కడ కాషాయం కట్టినవాడూ ఆ ఒక్కడే. గురువుగారు కట్టమనలేదు. కట్టుకొచ్చి ఎదుట నిలబడితే, "రంగు దిగేట్టుంది, నా పంచెతో కలిపి ఉతక్కు" అని మాత్రం అన్నారు.

మాల్యాద్రి అంతకుముందు ఇరవైరెండేళ్ళు కందుకూరు నుంచి ఒంగోలుకి ప్రైవేటు బస్సు నడిపాడు. ఆ బస్సుకి కండక్టరు అతని తమ్ముడు కొండయ్యే. మాల్యాద్రికి కోపం ముక్కు మీద ఉండేది. మందు అలవాటూ ఉండేది. భార్య ఉన్నంతకాలం ఎలాగో ఒకలాగా ఆపుకొచ్చింది. ఆమె పోయాక ఆపేవాళ్ళు లేక, తనంతట తాను ఆగడం చేతకాక, ఒకరోజు బస్సు దిగి తిన్నగా దేవరంపాలెం వచ్చేశాడు. "మనసు ఎటు లాగితే అటు పోయి పాడైపోయాను, గురువుగారూ" అన్నాడు. ఆయన అప్పుడూ ఒక పనే చెప్పారు. "ఇన్నాళ్ళూ మనసు చెప్పినట్టు చేశావు గదా. కొన్నాళ్ళు తిరగేసి చూడు."

ఆ వాక్యంలో 'తిరగేసి' అన్న ముక్కని మాల్యాద్రి గట్టిగా పట్టుకున్నాడు. 'కొన్నాళ్ళు', 'చూడు' అన్న రెండు ముక్కలూ దారిలో ఎక్కడో జారిపోయాయి.

మందు మానేశాడు, అది మంచిదే. తర్వాత పులుసంటే ఇష్టమని పులుసు మానేశాడు. చలేస్తే దుప్పటి తీసేసేవాడు, ఉక్కపోస్తే కప్పుకునేవాడు. ఎవరైనా పొగిడితే లేచి వెళ్ళిపోయేవాడు, తిడితే ఎదురుగా కూర్చుని పూర్తిగా వినేవాడు. పౌర్ణమికి వచ్చేవాళ్ళు వేళాకోళం చేసేవారు. "మాల్యాద్రి స్వామికి నిద్రొస్తున్నట్టుంది, ఎవరైనా లేపి నాలుగడుగులు నడిపించండయ్యా!" అతను నవ్వేవాడు కాదు, ఎందుకంటే నవ్వొచ్చేది. అయితే ఒక్కమాట ఒప్పుకోవాలి. అక్కడికి వచ్చిన మూడేళ్ళలో చెయ్యి వణకడం ఆగింది, కోపం సగానికి సగం తగ్గింది. ఏదైనా తిరగేసిన ప్రతిసారీ లోపల కాస్త నెమ్మదించేది. అందుకే ఆ సూత్రం మీద అతనికి అంత నమ్మకం.

కార్తీకమాసం మొదట్లో ఒక శుక్రవారం పొద్దున గురువుగారి బటన్ల ఫోను మోగింది. చేసింది మాల్యాద్రి మరదలు, కొండయ్య భార్య రమణమ్మ.

"బావగారూ, ఆయనకి ఎడమ పక్క పడిపోయింది. పది రోజులు ఆసుపత్రిలో ఉంచి నిన్న ఇంటికి పంపించారు. సోమవారం నుంచి రోజూ లేపి నడిపించాలంట. ఈ నెల రోజులూ నడిపిస్తేనే కాలు స్వాధీనంలోకొస్తుంది, లేకపోతే ఇక మంచమేనని చెప్పాడు డాక్టరు. తొంభై కిలోల మనిషి బావగారూ, నేనొక్కదాన్ని పట్టుకోలేను. మాట కూడా సరిగా రావడం లేదు. పొద్దున్నుంచీ 'అన్న, అన్న' అంటుంటే అన్నమేమోననుకుని ముద్ద పెట్టబోయాను. చేత్తో తోసేశాడు."

మాల్యాద్రి అంతా విని "ఊఁ" అన్నాడు. ఫోను గురువుగారి చేతిలో పెట్టి, పాక వెనక్కి పోయి, అక్కర్లేకపోయినా కట్టెలు కొట్టడం మొదలుపెట్టాడు. ఆ రోజూ మర్నాడూ కొడుతూనే ఉన్నాడు. వంటకి నెలరోజులు సరిపడా కట్టె పోగుపడింది.

ఆదివారం పొద్దున గురువుగారు పాక ముందు కూర్చుని నులకమంచం బిగించుకుంటుంటే వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. మొహం పీక్కుపోయి ఉంది.

"గురువుగారూ, ఒక సందేహం."

"ఆ కోడు కదలకుండా పట్టుకుని చెప్పు."

మాల్యాద్రి వంగి మంచంకోడు పట్టుకున్నాడు. "తమ్ముడి దగ్గరికి పోవాలని మనసు ఒకటే లాగుతోంది. మనసు అంతగా లాగుతోందంటే పోకూడదనేగా అర్థం? తిరగెయ్యాలిగా? పోకూడదనే నిశ్చయించుకున్నాను. కాని తిరగేస్తే ఎప్పుడూ నెమ్మదించేది, ఈసారి నెమ్మదించడం లేదు. రెండు రోజుల్నుంచి గుండెలో రాయి పెట్టినట్టుంది. నా సాధనలో లోపం ఎక్కడుంది గురువుగారూ?"

గురువుగారు నులక లాగి ముడి వేశారు. మడుల వైపు చెవి పెట్టి విన్నారు. అటునుంచి పెద్ద తుమ్మెద ఝుంకారంలాంటి చప్పుడు వస్తోంది.

"సలోమి వచ్చినట్టుంది" అన్నారు. "ఆ తూనీగని ఇవాళ తలకిందులుగా ఎగరేస్తానంది. నెల రోజులుగా పడిపోతోంది పాపం. పోయి కాసేపు సాయం చెయ్యి. ఎన్నిసార్లు పడిందో లెక్క నాకొద్దు. ఎటు పడుతోందో చూసి రా."

"గురువుగారూ, రేపు సోమవారం."

"తెలుసు. ఆదివారం తర్వాత అదే వస్తుంది."

ఇక మాట్లాడి ప్రయోజనం లేదని మాల్యాద్రికి తెలుసు. పంచె ఎగ్గట్టి, కర్ర పట్టుకుని గట్టు వెంబడి నడిచాడు. వానలు మొదలయ్యాక ఉప్పు తీత ఆగిపోతుంది. మడులన్నీ చవిటి నీళ్ళతో ఆకాశాన్ని చూస్తూ పడుకుంటాయి. వాటి మధ్య ఏళ్ళ తరబడి వదిలేసిన బీడుమడి ఒకటుంది. మోకాలెత్తు గడ్డి, కింద మెత్తటి ఒండ్రు. ఏది పడినా పెద్ద దెబ్బ తగలదు. సలోమి ఏరి ఏరి ఆ చోటు పట్టింది.

ఆమె ఊరి సెంటర్లో టీవీలు, మిక్సీలు, సెల్‌ఫోన్లు బాగుచేస్తుంది. తండ్రి దగ్గర నేర్చుకున్న విద్య, తండ్రి పెట్టిన కొట్టు. నలభై దాటాయి. ఆదివారం చర్చిలో ప్రార్థన కాగానే, అదే చీర మీద, స్కూటీ ముందు అట్టపెట్టె పెట్టుకుని మడుల్లోకి వస్తుంది. పెట్టెలో మూరన్నర పొడవున్న బొమ్మ హెలికాప్టరు, రిమోటు, విడి రెక్కలు, స్క్రూడ్రైవర్లు, ఒక జీడిపప్పు బిస్కెట్ల పొట్లం ఉంటాయి. ఎందుకీ పని అని ఎవరైనా అడిగితే, "వారమంతా ఊళ్ళోవాళ్ళు పాడుచేసినవి బాగుచేస్తాను. ఒక్కరోజు నేనే పాడుచేసుకుంటాను" అంటుంది.

మాల్యాద్రిని చూసి ఆమె నవ్వింది. "రండి స్వామీ. పెద్దయ్య పంపారా? మంచిది. పడ్డచోట దూరి వెతకడానికి మనిషి లేక అవస్థపడుతున్నాను. గడ్డిలో పాముంటే మీరు మంత్రం వెయ్యొచ్చు."

"నాకు మంత్రాలు రావు."

"కర్ర ఉందిగా, చాలు."

ఆమె రిమోటు చూపించింది. దాని మీద రెండు పుల్లలు, రెండు బొటనవేళ్ళకి రెండు. "ఇంతే స్వామీ, నాలుగు పనులు. ఎడమ పుల్ల పైకి తోస్తే లేస్తుంది, కిందికి లాగితే దిగుతుంది. అదే పుల్ల అటూ ఇటూ తిప్పితే మూతి అటూ ఇటూ తిరుగుతుంది. కుడి పుల్ల ముందుకి తోస్తే ముందుకి పోతుంది, లాగితే వెనక్కొస్తుంది. కుడికి నెడితే కుడి పక్కకి వాలి అటు జరుగుతుంది, ఎడమకి నెడితే ఎడమకి. మామూలుగా ఎగరెయ్యడం ఆర్నెల్లలో వచ్చేసింది. తలకిందులు చేశామా, అంతా తారుమారు. దాని రెక్కల వాలు మారి గాలిని నెత్తివైపుకి తోస్తుంది. నెత్తేమో కింద ఉంటుంది. అందుకని పైకి లేవాలంటే పుల్ల కిందికి లాగాలి. ముందుకి పోవాలంటే వెనక్కి లాగాలి. చెయ్యి ఒకటి చెబుతుంది, మనం ఇంకోటి చెయ్యాలి."

మాల్యాద్రికి వినడానికి చాలా బాగుంది. రిమోటు నెత్తిన ఆమె తెల్ల టేపు అంటించి, దాని మీద బాల్‌పెన్నుతో పెద్ద అక్షరాల్లో రాసుకుంది: 'అన్నీ తిరగెయ్యి.'

"ఇది మా గురువుగారి మాటే!" అన్నాడు ఆశ్చర్యపోయి.

"నాకు గురువు ఎవరూ లేరు స్వామీ. ఫోన్లో వీడియో ఉంది."

ఆమె ఉత్తరం వైపు తిరిగి నిలబడింది. సముద్రం కుడిచేతి వైపు, ఊరు ఎడమచేతి వైపు. సముద్రపు గాలి సన్నగా వీస్తోంది. హెలికాప్టరు తోక ఆమె వైపు పెట్టుకుని లేచింది, రెండు తాటిచెట్ల ఎత్తుకి పోయి నిలిచింది. "యేసయ్యా" అని గొణిగి ఆమె కుడి పుల్ల ఒక్క విసురు విసిరింది. అది గాలిలో పక్కకి ఒక్క పొర్లు పొర్లి, కాళ్ళు ఆకాశానికి చాచి, తలకిందులుగా నిలబడింది. చూడ్డానికి తిరగబడ్డ ఉడుంపిల్లలా ఉంది. మాల్యాద్రి మనసులో లెక్కపెట్టాడు. ఒకటి, రెండు, మూడు. గాలి తోసిందో ఏమో, ఎడమ పక్కకి కొంచెం వాలింది. మరుక్షణం ఇంకా వాలింది. తర్వాత ఎవరో ఈడ్చుకుపోయినట్టు ఎడమకి దూసుకుపోయి గడ్డిలో కూలింది.

"గాలి" అంది సలోమి.

మాల్యాద్రి గడ్డిలో దిగి వెతికి తెచ్చాడు. ఒక రెక్క విరిగింది, ఒక పళ్ళచక్రం అరిగింది. ఆమె నేలమీద చతికిలబడి పావుగంటలో బాగుచేసి లేచింది. రెండోసారి నాలుగు లెక్కపెట్టేదాకా నిలబడింది. మళ్ళీ ఎడమకే వాలి, ఎడమకే పోయి పడింది.

"పాడు గాలి" అంది సలోమి. "స్వామీ, కాస్త సముద్రాన్ని తిరగెయ్యకూడదా?"

విడి రెక్కలు ఇంకా రెండు జతలు మిగిలాయి. ఆమె స్క్రూలు బిగిస్తుంటే మాల్యాద్రి ఎండని చూశాడు. పది దాటి ఉంటుంది. ఈ పాటికి రమణమ్మ తమ్ముడికి మొహం కడిగి, మంచంలోనే ఒత్తిగిలి పడుకోబెట్టే ప్రయత్నం చేస్తూ ఉంటుంది. తొంభై కిలోలు. ఆ ఆలోచన రాగానే అలవాటుగా తిరగేశాడు. తనకు తమ్ముడు లేడు, ఎవరికీ ఎవరూ లేరు అనుకున్నాడు. గుండెలో రాయి అంగుళం కదల్లేదు సరికదా, ఇంకాస్త బరువెక్కింది.

మూడోసారి ఎగిరేసరికి గాలి పడిపోయింది. గడ్డిపోచ కదలడం లేదు. తలకిందులుగా అది చక్కగా నిలబడింది. ఐదు, ఆరు. ఈసారి మాల్యాద్రి ఆకాశంకేసి చూడలేదు. ఇంకొకరి బస్సెక్కితే డ్రైవరు కళ్ళు ఆ నడిపేవాడి చేతుల మీదే ఉంటాయి, ఎన్నేళ్ళు మానేసినా ఆ బుద్ధి పోదు. ఆమె బొటనవేళ్ళనే చూస్తున్నాడు. హెలికాప్టరు కుడి పక్కకి వెంట్రుకవాసి వాలింది. ఆమె వేలు కుడి పుల్లని ఎడమకి నెట్టబోయి, ఠక్కున ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు కుడికి నెట్టింది. అది ఇంకా కుడికి వాలింది. ఆమె ఇంకా కుడికి నెట్టింది. ఈసారి సముద్రం వైపు దూసుకుపోయి పడింది.

సలోమి ఈసారి గాలిని తిట్టలేదు. గట్టు మీద కూర్చుని బిస్కెట్ల పొట్లం విప్పింది. "ఇక నా వల్ల కాదు స్వామీ. కొట్లో అందరూ నవ్వుతున్నారు. ఈ వయసులో ఆడది బొమ్మతో ఆటలేంటని మా వదిన మొహం మీదే అంది. పైకీ కిందికీ వచ్చేసింది. ముందుకీ వెనక్కీ వచ్చేసింది. మూతి తిప్పడం వచ్చేసింది. అన్నీ వచ్చేశాయి, అయినా పదికి మించి నిలవదు. ఇంకొక్క జత రెక్కలున్నాయి. అవీ పోతే మూట కట్టేస్తాను."

మాల్యాద్రి బురదకాళ్ళతో నిలబడి చేతిలో ఉన్న విరిగిన రెక్కని అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"అమ్మా, నువ్వెప్పుడైనా బస్సు రివర్సు చేశావా?"

"స్కూటీకి రివర్సు ఉండదు స్వామీ."

"రివర్సు గేరు వేస్తే బస్సు వెనక్కి పోతుంది. అంటే ముందూ వెనకా తిరగబడిందనేగా? కొత్త డ్రైవరు ఏం చేస్తాడంటే, స్టీరింగు కూడా తిరగబడిందనుకుంటాడు. బస్సు తోక కుడికి పోవాలంటే ఎడమకి తిప్పుతాడు. నేనూ తిప్పాను. సింగరాయకొండలో ఒక టీకొట్టు బల్లా, దాని మీదున్న ఇరవై గ్లాసులూ పగలగొట్టాను. అసలు సంగతి ఏంటంటే, కుడికి తిప్పితే బస్సు కుడికే పోతుంది. ముందుకి పోతున్నా అంతే, వెనక్కి పోతున్నా అంతే. అదొక్కటి తిరగబడదు."

సలోమి నములుతున్న బిస్కెట్టు ఆపింది.

"ఇందాక అది కుడికి వాలినప్పుడు, నీ వేలు ముందు ఎడమకే పోబోయింది. అదే సరైంది. టేపు మీద రాసుకున్నది గుర్తొచ్చి కుడికి నెట్టావు. అంతకుముందు రెండుసార్లు కూడా అదే చేసి ఉంటావు. మూడుసార్లూ అది వాలిన పక్కకే పడింది. గాలి తప్పేం లేదు."

ఆమె రిమోటు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, పుల్లలు కదుపుతూ తనలో తాను ఏదో లెక్క చూసుకుంది. తర్వాత అరచేత్తో నుదురు కొట్టుకుంది. "అయ్యో నా మతి మండ! పక్కకి పొర్లించాను గదా, తోక నా వైపే ఉంది. ముందూ వెనకా మారాయి, పైనా కిందా మారాయి, మూతి మారింది. పక్కకి వాలడం మాత్రం మారలేదు! అన్నా, ఇది మీకెవరు చెప్పారు?"

స్వామి పోయి అన్న అయిన సంగతి ఇద్దరిలో ఎవరూ గమనించలేదు.

"మా తమ్ముడు" అన్నాడు మాల్యాద్రి. "వాడు కండక్టరు. నేను రివర్సు వేస్తే చాలు, దిగిపోయి బస్సు వెనక పక్కన నిలబడేవాడు. బస్సు ఒంటిని చేత్తో చరిచేవాడు. ఒక దెబ్బంటే రా, రెండు దెబ్బలంటే ఆగు. 'అద్దంలో చూడకు అన్నా, నా చెయ్యి విను' అనేవాడు. ఇరవైరెండేళ్ళు. టీకొట్టు తర్వాత ఒక్క గీత పడలేదు బస్సుకి."

"ఇప్పుడేం చేస్తున్నాడు?"

"మంచంలో ఉన్నాడు. ఎడమ పక్క పడిపోయింది."

"అయ్యో దేవా. మరి మీరిక్కడున్నారేం?"

"అదే అడుగుదామని పోతే గురువుగారు నన్నిక్కడికి పంపించారు."

సలోమి అతని మొహంలోకి ఒకసారి చూసి, స్క్రూడ్రైవరు తీసుకుంది. చివరి జత రెక్కలు బిగించింది. బాల్‌పెన్ను తీసి, టేపు మీద 'అన్నీ' అన్న మాట కొట్టేసి, పైన 'మూడే' అని రాసింది.

నాలుగోసారి లేచింది. హెలికాప్టరు పొర్లి తలకిందులైంది. నాలుగు లెక్కపెట్టేసరికి గాలి మళ్ళీ వచ్చింది. అది ఎడమకి వాలింది. ఆమె వేలు మధ్యలో నిలిచిపోయింది. మాల్యాద్రి ఆమె వెనక పక్కకి జరిగి, ఖాళీ అట్టపెట్టె మీద అరచేత్తో ఫట్టున ఒక దెబ్బ కొట్టాడు. "కుడికే! కుడికే రా!" వేలు కుడికి కదిలింది. అది నిటారుగా నిలబడింది. ఇంకోసారి వాలింది, ఇంకో దెబ్బ, మళ్ళీ నిలబడింది. పదిహేను దాటాక అతను కొట్టడం మానేశాడు. ఇరవై, ముప్పై. కాళ్ళు పైకి పెట్టి, నెత్తి కిందికి పెట్టి, మడుల్లోని ఆకాశానికీ పైనున్న ఆకాశానికీ మధ్య అది ఉన్నచోటే ఉంది. సలోమి దాన్ని మళ్ళీ పొర్లించి, మామూలుగా తిప్పి, గడ్డి మీద కాదు, గట్టు మీద దించింది. అప్పుడుగాని ఊపిరి వదల్లేదు.

"మా వదినని పిలుచుకురావాలి" అంది కళ్ళు తుడుచుకుంటూ. ఒక బిస్కెట్టు అతని చేతిలో పెట్టింది. మూడేళ్ళలో మొదటిసారి మాల్యాద్రి తినాలనిపించిన వస్తువుని తినాలనిపించగానే తిన్నాడు. తింటున్న సంగతి తెలియలేదు.

పాకకి తిరిగొచ్చేసరికి గురువుగారు మంచం బిగించడం పూర్తిచేసి, అది కిర్రుమంటుందో లేదో చేత్తో నొక్కి చూస్తున్నారు.

"ఎటు పడింది?"

"వాలిన పక్కకే, గురువుగారూ. మూడుసార్లూ."

"ఎందుకట?"

"నాలుగు పనుల్లో మూడు తిరగబడతాయి. పైనా కిందా, ముందూ వెనకా, మూతి తిప్పడం. పక్కకి వాలడం మాత్రం తిరగబడదు. పాపం, అన్నీ తిరగెయ్యాలనుకుని దాన్ని కూడా తిరగేసింది. సూత్రం మీద మరీ..." అని, అక్కడ మాట ఆపేశాడు.

గురువుగారు వినిపించుకున్నట్టు లేదు. చెవి మీద చుట్ట తీసి, వెలిగించకుండా చూసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నారు.

"నీ ప్రశ్నేదో ఉండాలి కదా. ఇప్పుడడుగు."

మాల్యాద్రి కాళ్ళకి అంటిన ఒండ్రు అప్పుడే ఆరి తెల్లబడుతోంది. వంగి దాన్ని గోటితో గీకి రాల్చాడు.

"కందుకూరు బస్సు ఎన్నింటికి, గురువుగారూ?"

"పన్నెండున్నరకి. రోడ్డు మీద చెయ్యెత్తితే ఆపుతాడు." మంచం మీద దుమ్ము తుండుగుడ్డతో దులిపి, ఆయన తల పైకెత్తారు. "మీ తమ్ముడికి ఏ పక్క పడిపోయిందన్నావు?"

"ఎడమ పక్క."

"అయితే ఆ పక్కన నిలబడు."